రెండో తుమ్ము

“అమ్మమ్మా, ఇంకో అట్టు వె...”

తరళ నాలుక కరుచుకుంది. అరచేత్తో నోరు మూసుకుని తల్లి వైపు దొంగచూపు చూసింది. తర్వాత నెమ్మదిగా చెయ్యి తీసి, “పెట్టు” అంది.

పొయ్యి దగ్గరున్న నూకరత్నం గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది. హైమ వంగి ముందు కూతురి కాలిపట్టీ చూసింది, తర్వాత తనది, ఆ తర్వాత తల్లిది. అందరి పట్టీల మీదా మూడేసి దీపాలు పచ్చగా వెలుగుతున్నాయి.

“బతికాం,” అంది హైమ. “పొద్దున్నే ఒక ప్రాణం పోతే దారిలో నెగ్గుకు రాలేం. బుద్ధిగా తిను.”

“ఏం బతుకులే తల్లీ,” అంది నూకరత్నం పెనం మీద పిండి తిప్పుతూ. “ఇంట్లో పుట్టిన పిల్ల అట్టు కావాలని నోరారా అడగలేని బతుకు.”

ఆ ఇల్లొక్కటే కాదు, జగన్నాథపురంలో ఏ ఇంట్లోనూ ఇప్పుడా మాట వినబడదు. తలుపు మూస్తారు, గడియ పెడతారు, కూర వడ్డిస్తారు, ముగ్గు దిద్దుతారు. కిందటి నెల టీకాల మనిషి వచ్చి, పిల్లలకి మందు “ఎక్కిస్తాను” అన్నాడు. పొద్దున లేచింది మొదలు తెలుగువాడి నోట్లో ఆడే క్రియ ఒకటి, ఇలా ఒక ఆట పాలైపోయింది.

ఆ ఆట సంగతి చెప్పాలి. అంతా కాకినాడలోకి సముద్రం రాకముందు మొదలైంది. అప్పట్లో పిల్లలు ఫోన్లలో ఆడుకునేవాళ్ళు. ఒక బొమ్మ పలక మీంచి పలక మీదికి గెంతుతూ, దారిలో ముత్యాలేరుకుంటూ పోతుంది. దాని పేరు ‘గెంతులబాట’. తర్వాత నీళ్ళొచ్చి వీధుల్లో కూర్చున్నాయి, మళ్ళీ వెనక్కి పోలేదు. ఊరు వదల్లేనివాళ్ళు మేడలెక్కారు. అప్పుడా ఆట చేసిన సంస్థే ముందుకొచ్చి, వీధుల్లో నీళ్ళ మీద నిజం పలకలు పరిచింది. అవి తేలుపలకలు. కంటికి ఒక పల్చటి పొర పెట్టుకుంటే ఏ పలక ఎప్పుడొస్తుందో, ఎక్కడికి గెంతాలో కనిపిస్తుంది. “అడుగెయ్” అని చెవిలో వినిపిస్తుంది. కాళ్ళకి గెంతుజోళ్ళు తొడుక్కుంటే పలక వాటిని అయస్కాంతంలా పట్టుకుంటుంది, జారి పడే భయం లేదు. కంటిపొర, కాలిపట్టీ లేనివాళ్ళ దగ్గరికి పలక రాదు. అందరికీ తెలిసిన ఆటే కాబట్టి నేర్పాల్సిన పని కూడా లేకపోయింది. ముసలీ ముతకా అందరూ కోతుల్లా గెంతడం మొదలుపెట్టారు.

నిరుడు వేసవిలో సంస్థ ‘గెంతులబాట: గురి’ అని కొత్తది వదిలింది. అవే నీళ్ళు, అవే పలకలు, అవే ముత్యాలు. కొత్తగా చేరింది కాల్చడం ఒక్కటే. నీళ్ళ మీద కాలవల్లోంచి కొట్టుకొచ్చే గుర్రపుడెక్క పేరుకుపోయి పలకలు ఆగిపోతున్నాయి, దాన్ని పీకించడం సంస్థకి తడిసి మోపెడవుతోంది. ఆ పని ప్రయాణికులకే అప్పగించింది. చెత్త వైపు చూసి “వెయ్” అంటే చాలు. పలక అడుగునుంచి నీటిధార కొట్టి చెత్తను తోసేస్తుంది, ఖాతాలో ముత్యాలు పడతాయి. గెంతేటప్పుడు చేతులు రెండూ నిలదొక్కుకోవడానికే సరిపోతాయి కాబట్టి గురి కంటికీ, కాల్పు నోటికీ అప్పజెప్పారు. వేశాను, వేస్తాను అంటే యంత్రం పట్టించుకోదు. ‘వెయ్’ అన్న ముక్క చెవినబడితే మాత్రం, ఆ క్షణంలో కన్ను దేని మీదుంటే దాన్ని కొడుతుంది.

నెలల్లో గుర్రపుడెక్క అయిపోయింది. జనానికి మాత్రం మోజు తీరలేదు. అందుకని శీతాకాలానికి మనుషుల్ని కూడా గురిలో చేర్చారు. ఎవరిని కొడితే వాళ్ళ కాలిపట్టీ మీద ఒక దీపం ఆరుతుంది, వాళ్ళు వరుసలో వెనక్కి పోతారు. మూడు దీపాలూ ఆరిపోతే వాళ్ళ పలక నీళ్ళలోకి దిగుతుంది. దాన్ని మునక అంటారు. పెద్దవాళ్ళకి నడుం లోతు. కాసేపు నీళ్ళలో నిలబెట్టి మళ్ళీ పైకి లేపుతుంది. మర్నాడు తెల్లారేసరికి మూడు ప్రాణాలూ తిరిగొస్తాయి. ఆఫీసుకెళ్ళే మేనేజర్లు నడుం దాకా తడిసి నిలబడితే పలకలెక్కే రేవుల్లో జనం పడీపడీ నవ్వారు. “వెయ్యకండి బాబూ” అని ఎవరైనా బతిమాలితే ఆ మాటలో ‘వెయ్’ ఉంది గనక, వాళ్ళు ఎవరిని చూసి బతిమాలారో వాళ్ళకే దెబ్బ తగిలేది. సంస్థ దాన్ని లోపమనుకోలేదు. భలే సరదాగా ఉందని దాని మీదే ఒక ప్రకటన తీసింది.

కంటిపొర ఇంట్లోనూ కంటి మీదే ఉంటుంది. అక్కడే వచ్చింది చిక్కు.

జగన్నాథపురంలో పాతకాలం వాళ్ళెవరూ తుమ్ము వింటే ఊరుకోరు. పిల్లలు తుమ్మితే మరీనూ. మొదటి తుమ్ముకి “నూరేళ్ళు”, రెండో తుమ్ముకి “వెయ్యేళ్ళు” అనాల్సిందే. పోయిన వారం తరళకి జలుబు చేసి వరసగా రెండు తుమ్ములు తుమ్మింది. పక్కనే కూర్చుని ఆనపకాయ తరుగుతున్న నూకరత్నం మనవరాలి మొహం చూసి నవ్వుతూ, ఎప్పటిలాగే నూరేళ్ళిచ్చి, వెయ్యేళ్ళిచ్చింది. టక్కుమని పిల్ల పట్టీ మీద ఒక దీపం ఆరిపోయింది.

ఆరేళ్ళు నిండేదాకా పిల్లలు పెద్దవాళ్ళ పలక మీదే వెళ్ళాలి. తరళకి ఆ వారమే ఆరు నిండాయి. ఇక బడికి తన పలక మీద తనే వెళ్ళాలి. పుట్టుకతోనే పొట్టి పిల్ల. పెద్దవాళ్ళకి నడుం లోతంటే దానికి ముక్కు మునుగుతుంది. పైగా జోళ్ళు పలకకి అతుక్కుని ఉంటాయి, ఎగిరి పైకి వద్దామన్నా రాలేదు.

ఆ మధ్యాహ్నమే హైమ సంస్థ కార్యాలయానికి వెళ్ళి, మాటల విభాగం అధికారి ముందు కూర్చుంది. అతను మర్యాదస్తుడు. మంచినీళ్ళు తెప్పించాడు, మొత్తం ఓపిగ్గా విన్నాడు.

“మా దగ్గర లక్షల మంది మాటల నమూనాలున్నాయండి,” అన్నాడు. “తుమ్మితే ఇలా అంటారని ఒక్కదాంట్లోనూ లేదు.”

“నమూనాలు తీసినప్పుడు ఒక్కరూ తుమ్మలేదాండి?”

“తుమ్మకేం. తుమ్మితే ఆ ముక్క తీసేసి మళ్ళీ చెప్పించేవాళ్ళం.”

హైమ అతని మొహంలోకి చూసింది. అతను వేళాకోళమాడటం లేదు.

“పిల్లల్ని గురిలోంచి తీసెయ్యండి సార్. అంతకన్నా నేనేం అడగట్లేదు.”

“పిల్లలే ఒప్పుకోవట్లేదండి. మమ్మల్ని ఎవరూ కొట్టట్లేదని ఏడుస్తున్నారు. వచ్చే విడతలో ఏదో ఒకటి చేస్తాం. అందాకా మీ ఇంట్లో పెద్దావిడకి నచ్చజెప్పండి.”

మర్నాడు ఊళ్ళో అందరి కంటిపొరల మీదా ఒక ప్రకటన మెరిసింది: ‘గౌరవ ప్రయాణికులకు మనవి. తుమ్మినవారికి ఇచ్చే దీవెనలను నూరేళ్ళకు పరిమితం చేయగలరు.’

నూకరత్నం అది చదివి మండిపడింది.

“వాడెవడే నా మనవరాలి ఆయుష్షు కోసెయ్యడానికి? మా అమ్మ నాకిచ్చింది, నేను నీకిచ్చాను. ఆ మిగతా తొమ్మిదొందలేళ్ళూ వాడి బొక్కసంలో పోసుకుంటాడా?”

“అమ్మా, నీ నోటి దీవెన దాని కొంప ముంచుతుందే. నీళ్ళలో ముంచుతుంది. నీకర్థమవుతుందా?” అంది హైమ.

నూకరత్నానికి అర్థమైంది. ఆ సాయంత్రం నుంచి సాధన మొదలుపెట్టింది. తరళ ఊరికే “హాచ్” అని వేషం వేసేది, ఆవిడ చీరకొంగు పళ్ళ మధ్య బిగించేది. రెండ్రోజులు కొంగు తడిసి ముద్దయింది. మూడో రోజుకి కొంగు దానంతటదే నోటికి చేరడం మొదలైంది. తరళకది మంచి ఆటగా ఉండేది.

ఇప్పుడు అట్లు తిని, చెయ్యి కడుక్కుని, పిల్ల గెంతుజోళ్ళు బిగించుకుంటోంది. ముక్కు ఇంకా కారుతూనే ఉంది.

“ఇవాళ బడి మానిపించకూడదటే?” అంది నూకరత్నం.

“ఇప్పటికే నాలుగు రోజులు మానేసిందమ్మా. నువ్వెనకాల పలక మీదుంటావుగా. దాని మీంచి కళ్ళు తియ్యకు. కొంగు మాత్రం...”

“ఆయ్, తెలుసులేవే. వందసార్లు చెప్పకు.”

హైమ మంచినీటి కేంద్రంలో పనిచేస్తుంది, ఆమె దారి అటు. వంతెన మలుపు దగ్గర విడిపోయేటప్పుడు ఆమె తల్లి కొంగు అందుకుని, చిన్నపిల్లకి సరిచేసినట్టు సరిచేసి వెళ్ళింది.

బడికెళ్ళే రేవు దగ్గర ఎప్పటిలాగే పెద్దాళ్ళు చేరి ఉన్నారు. పాతికేళ్ళ కిందట మరపడవలు బాగుచేసిన చెల్లారావు, ఆయన జోడీ సుభానీ, పూలమ్మే పైడమ్మ. ముగ్గురికీ ముత్యాల మీద ఆశ లేదు, ఎవరినీ కొట్టరు. పొద్దున కాసేపు గట్టు మీద కూర్చుని వచ్చేపోయే పిల్లల్ని పలకరించి వెళ్తారు. ఆ రేవులో తరళకి భయం లేదని హైమ ఆ దారి ఎంచింది వాళ్ళని చూసే.

“ఏవే బుల్లీ, ఒక్కదానివే పలకెక్కేస్తన్నావంట! పెద్దదానివైపోయావు!” అన్నాడు చెల్లారావు.

“అవును తాతా,” అంటూ తరళ ఛాతీ విరుచుకుని గెంతింది. పలక జోళ్ళని పట్టుకుంది. గట్టుకి రెండు బారల దూరం జరిగి, ముందరి పలక కోసం ఆగింది. నూకరత్నం తన పలక రాక కోసం గట్టు అంచున నిలబడింది.

అప్పుడు తరళ తుమ్మింది.

నూకరత్నం చెయ్యి కొంగు మీదికి పోయింది. గట్టు మీంచి ముగ్గురూ ఒక్కసారే “నూరేళ్ళు!” అన్నారు. ఏ దీపమూ ఆరలేదు. ఆవిడ ఊపిరి తీసుకుంది. వీళ్ళూ ప్రకటన చూసినట్టున్నారు, గండం గడిచిందనుకుంది.

“ఆగమ్మా ఆగు!” సుభానీ చెయ్యెత్తాడు. “బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము. ఇంకోటి రానీ. అప్పుడెళ్ళు.”

“మరే,” అంది పైడమ్మ. “ఆగమను వదినా, పిల్లది కొత్తగా ఎక్కింది.”

నూకరత్నం కూడా అదే అనేది. ఆవిడ జీవితంలో ఒంటి తుమ్ము మీద ఎవరినీ గుమ్మం దాటనివ్వలేదు. ఆ అలవాటు ముందు ఆవిడ భయం ఒక్క క్షణం పక్కకి తప్పుకుంది. “ఆగవే తరళా,” అంది. ముందరి పలక వచ్చి, కాసేపుండి, వెళ్ళిపోయింది.

పిల్ల బుద్ధిగా ఆగింది. ముక్కు ఎగబీలుస్తూ, రెండో తుమ్ము కోసం ఆకాశంలోకి చూస్తూ నిలబడింది. గట్టు మీద అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. రావాలి, రావాలి అని అందరూ మనసులో అనుకుంటున్నారు. ఎదురు పలకల మీద వెళ్ళేవాళ్ళిద్దరు కూడా ఏంటా అని ఆగి చూస్తున్నారు.

వచ్చింది. చిన్న ప్రాణమంతా కదిలిపోయేలా తుమ్మింది తరళ. తుమ్మి, నవ్వి, అమ్మమ్మ వైపు తిరిగింది.

నూకరత్నం కొంగు పళ్ళ మధ్యే ఉంది. ఆవిడ అనలేదు. అన్నది చెల్లారావు. ఇంతసేపూ ఎదురుచూసింది వచ్చిందన్న సంతోషంలో, ప్రకటనా గికటనా ఏదీ గుర్తు రాలేదు ఆయనకి.

“వెయ్యేళ్ళు తల్లీ!”

ఒక దీపం ఆరింది.

“వెయ్యేళ్ళు, వెయ్యేళ్ళు!” పైడమ్మ చప్పట్లు కొట్టింది. రెండో దీపం ఆరింది. ఆవిడ రెండుసార్లన్నా యంత్రం ఒక ఊపిరిలో ఒక్క కాల్పే లెక్కపెడుతుంది.

సుభానీ నోరు తెరుస్తున్నాడు. నూకరత్నానికి అది కనిపించింది. పిల్ల కాలి మీద మిగిలిన ఒకే ఒక్క పచ్చచుక్క కనిపించింది. ఆవిడ కళ్ళు ఆ చుక్క మీదే ఉన్నాయి. కొంగు ఊడి పడింది.

“వెయ్యకండర్రా!”

ఆ కేకతో మూడో దీపం ఆరిపోయింది.

పలక దిగింది. చాలా మెత్తగా, మర్యాదగా దిగింది. నీళ్ళు తరళ మోకాళ్ళు దాటాయి, బొడ్డు దాటాయి. పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది, అదీ ఆటలో భాగమే కదా అనుకుంది. గడ్డం దగ్గరికి వచ్చేసరికి నవ్వు పోయింది. “అమ్మమ్మా” అన్న మాటలో సగం నీళ్ళలో మునిగిపోయింది.

నూకరత్నం పలక కోసం ఆగలేదు. అలాగే నీళ్ళలోకి దూకింది. పిల్ల చంకల కింద చేతులు పెట్టి పైకి లాగింది, రాలేదు. జోళ్ళు వదల్లేదు. మునిగి, చేతుల్తో తడిమి, ఒక బకిలు ఊడదీసింది. రెండోది రాలేదు. పైకి వచ్చి గాలి పీల్చి మళ్ళీ మునిగింది. ఈలోగా చెల్లారావు కూడా దూకి పిల్ల తల ఎత్తిపట్టడానికి చూశాడు. గట్టు మీద పైడమ్మ గుండెలు బాదుకుంటోంది. ఎదురు పలకల వాళ్ళ కంటిపొరల మీద మాత్రం ‘మునక!’ అని రంగుల అక్షరాలు ఎగురుతున్నాయి.

బకిలు ఊడింది. సరిగ్గా అప్పుడే పలక కూడా, లెక్క ప్రకారం, తనంతట తనే పైకి లేచింది.

తరళ బతికింది. ఆసుపత్రిలో ఊపిరితిత్తుల్లోంచి నీళ్ళు తీశారు, జ్వరం వచ్చి తగ్గింది. సంస్థ నుంచి ఆ మర్యాదస్తుడే పళ్ళబుట్టతో వచ్చాడు. యంత్రంలో ఏ లోపమూ లేదనీ, మూడు కాల్పులూ మూడు వేర్వేరు గొంతులవనీ, అయినా వచ్చే విడతలో పిల్లల్ని తీసేస్తున్నామనీ చెప్పాడు. మూడో గొంతు ఎవరిదో చెప్పబోయి హైమ మొహం చూసి ఆగిపోయాడు. అతను చెప్పక్కర్లేదు. అది తెలిసిన మనిషి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది.

చెల్లారావు ఒకసారి ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు, గొంతు సవరించుకున్నాడు. ఏం మాటంటే ఏమవుతుందోనని భయం పట్టుకుందేమో, పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. రేవుల్లో ఇప్పుడెవరైనా తుమ్మితే చుట్టూ ఉన్నవాళ్ళు తల తిప్పుకుంటున్నారు.

నూకరత్నం ఇల్లు చేరిన రోజే కంటిపొర తీసి చెత్తబుట్టలో పారేసింది. కాలిపట్టీ కత్తెరతో కత్తిరించింది. అవి లేకుండా గుమ్మం దాటలేనని ఆవిడకి తెలుసు.

“ఇక బయటికెలా వెళ్తావే?” అంది హైమ.

“నాకెందుకే బయట. నా నోరు నాకు దక్కింది, చాలు.”

వారం గడిచింది. ఆ పొద్దున పొయ్యి మీద పోపు మాడి, ఎండుమిరపకాయల ఘాటు ఇల్లంతా కమ్ముకుంది. మంచం మీద బొమ్మలు పెట్టుకుని ఆడుకుంటున్న తరళ చటుక్కున రెండు చేతుల్తో ముక్కు నొక్కుకుంది. మొహం ఎర్రబడింది, కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. తుమ్ముని మింగడం అది ఎప్పుడు నేర్చుకుందో ఇంట్లో ఎవరూ గమనించలేదు. అయినా ఆ ఘాటుకి ఆగలేదు. ఒకటి వచ్చింది, వెంటనే రెండోదీ వచ్చింది.

వంటింట్లోంచి నూకరత్నం పరుగున వచ్చింది. ఆవిడ కంటి మీద పొర లేదు, కాలికి పట్టీ లేదు. ఈ మాట ఇప్పుడు ఎవరికీ తగలదు, మళ్ళీ ఒట్టి దీవెనే. ఇన్నాళ్ళూ పళ్ళ మధ్య బిగపట్టిందంతా గొంతులోకి ఎగదన్నుకొచ్చింది. రెండు చేతులూ చాపి, నోరారా, నిండుగా అంది.

“వెయ్యేళ్ళు నా తల్లీ! వెయ్యేళ్ళు!”

బొమ్మలు చెల్లాచెదురయ్యాయి. తరళ మంచం కిందికి దూరిపోయింది. రెండు చేతుల్తో మంచం కోడు వాటేసుకుని, పాదాలు నేలకి ఆననివ్వకుండా పైకి ముడుచుకుంది.

“వెయ్యకు అమ్మమ్మా,” అంది లోపల్నుంచి. “ఇంకెప్పుడూ తుమ్మను.”